వాన్ బాస్టెన్ చీలమండ ఒక్క టాకిల్‌కే పోయిందా? పిల్లలకి ఎలా చెప్పాలి?

అమలాపురం సెంటర్ ఫార్వర్డ్ (ప్రశ్న):

నమస్కారమండీ. అక్టోబరు 31 హాలండ్ ఫుట్‌బాల్ ఫార్వర్డ్ మార్కో వాన్ బాస్టెన్ పుట్టినరోజు. ఆ సాయంత్రం ఇక్కడ గ్రౌండు పక్కనే తెర కట్టి అండర్-14, అండర్-16 పిల్లలకి గంటన్నర పాటు ఆయన ఆట చూపించే ఏర్పాటు జరుగుతోంది. మెస్సీ, ఎంబాపే పేర్లు నిద్రలో లేపి అడిగినా చెప్తారు గానీ, వాన్ బాస్టెన్ అంటే ఒకళ్లకీ తెలియదు. ఆ ఏటి మేటి ఆటగాడికిచ్చే బాలన్ డోర్ మూడుసార్లు గెలిచి 28 ఏళ్లకే చివరి మ్యాచ్ ఆడేసిన మనిషి. ఆయన తెలియకపోవడం పిల్లల తప్పు కాదు, చెప్పనివాళ్లది.

చిక్కు ఎక్కడంటే, ఆయన గాయం గురించి ఒక్కొక్కరూ ఒక్కోలా చెప్తున్నారు. ఫ్రాన్స్ క్లబ్బు మార్సే డిఫెండరు బోలీ వెనకనుంచి కొట్టిన దెబ్బతో అయిపోయిందని కొందరు, హాలండ్‌లో ఆడేరోజుల్లోనే పాడైందని కొందరు, ఆపరేషన్లే చెడగొట్టాయని మరికొందరు. అసలు వరస ఏంటి? ఇప్పటి వైద్యం అప్పుడుంటే ఆయన ఇంకో అయిదేళ్లు ఆడేవాడా?

ఇంకోటి. మన కోనసీమలో కాలు బెణికితే ఏం చేస్తారో అందరికీ తెలుసు. వేడి నూనె పెట్టి గట్టిగా రుద్దుడు, మూడో రోజు మళ్లీ బూట్లు. ఆ అలవాటు మాన్పించాలంటే వాన్ బాస్టెన్ కంటే మంచి ఉదాహరణ దొరకదు. అందుకే ఆట ఎలాంటిదో, గాయం ఎలాంటిదో రెండూ కొలతలతో, తేదీలతో కావాలి. తెలిసినవాళ్లు కాస్త వివరంగా రాయండి.

భీమవరం ఎడమకాలు:

మంచి పని చేస్తున్నారండీ. గాయం వరస నేను రాస్తాను, వైద్యం సంగతి ఫిజియోగారికి వదిలేస్తున్నాను.

బోలీ కథ సగమే నిజం. చీలమండ పాడవడం మొదలైంది 1986 డిసెంబరులో, హాలండ్ క్లబ్బు అయాక్స్‌కి ఆడుతున్నప్పుడు, గ్రోనింగెన్‌తో మ్యాచ్‌లో. అదీ ఎవరో వచ్చి కొట్టింది కాదు. ప్రత్యర్థి మీదికి తనే టాకిల్‌కి (బంతి లాక్కోవడానికి కాలు చాపి మీదికెళ్లడం) వెళ్లాడు, తన కాలే దెబ్బతింది. అప్పటికి వయసు 22. అంతకుముందు సీజన్‌లో 26 లీగ్ మ్యాచ్‌ల్లో 37 గోల్స్ కొట్టి యూరప్ గోల్డెన్ బూట్ తీసుకున్న కుర్రాడు. ఆ 37 అంకె పిల్లలకి బోర్డు మీద పెద్దక్షరాలతో రాసి చూపించండి.

ఇక్కడే అసలు మలుపు ఉంది. అప్పుడు అయాక్స్ కోచ్ యోహాన్ క్రైఫ్. కొన్ని లీగ్ మ్యాచ్‌లూ ప్రాక్టీసూ వదిలేసినా ఫర్వాలేదు, యూరప్ కప్పు మ్యాచ్‌లు మాత్రం ఆడాలని ఇద్దరి మధ్యా ఒప్పందం కుదిరింది. ఆడాడు. 1987 మే 13న ఏథెన్స్‌లో లోకోమోటివ్ లైప్‌జిగ్ మీద కప్ విన్నర్స్ కప్ ఫైనల్లో ఏకైక గోల్ తనదే. కప్పు వచ్చింది, కాలు మాత్రం బాగవకుండానే ఇటలీ క్లబ్బు మిలాన్‌కి వెళ్లింది. మిలాన్‌లో మొదటి సీజన్‌లోనే ఆపరేషన్, 11 లీగ్ మ్యాచ్‌లే ఆడగలిగాడు, 3 గోల్స్.

ఆ తర్వాత అయిదేళ్లు ఆయన ఆడింది చూస్తే మనసు కలుక్కుమంటుంది. అంత బాగా ఆడాడు కాబట్టే. 1988 యూరోలో (యూరప్ దేశాల కప్పు) 5 గోల్స్. 1988-89 నుంచి 1991-92 దాకా ఇటలీ లీగ్‌లో వరసగా 19, 19, 11, 25. ఆ లీగ్‌లో అప్పుడు ఎదురుగా ఉండే డిఫెండర్లంటే బెర్గోమీ, వియెర్కోవొద్ లాంటివాళ్లు. ఇరవై గోల్స్ కొట్టడమంటే మామూలు మాట కాదు. 1989 యూరోపియన్ కప్ ఫైనల్లో స్టియావా మీద 4-0, అందులో రెండు తనవి, రెండు తోటి ఆటగాడు గుల్లిట్‌వి. 1992 నవంబరు 25న గోథెన్‌బర్గ్ మీద ఒక్కడే నాలుగు. ఆ ఏడాదే మూడో బాలన్ డోర్.

నెల తిరక్కుండానే డిసెంబరులో మళ్లీ చీలమండ, స్విట్జర్లాండ్‌లో మళ్లీ ఆపరేషన్. 1993 వసంతంలో తిరిగొచ్చాడు గానీ ఆ నడకలోనే తేడా తెలిసిపోతుంది. ఆ సీజన్ లెక్క 15 లీగ్ మ్యాచ్‌లు, 13 గోల్స్. 1993 మే 26న మ్యూనిక్‌లో మార్సే మీద ఛాంపియన్స్ లీగ్ ఫైనల్. బోలీ వెనకనుంచి తగిలింది ఆ మ్యాచ్‌లోనే, గెలుపు గోల్ కొట్టిందీ ఆ బోలీయే. 86వ నిమిషంలో వాన్ బాస్టెన్‌ని దింపేసి ఎరానియోని పంపారు. అదే ఆఖరు. మళ్లీ మిలాన్‌కి మ్యాచ్ ఆడలేదు. రెండేళ్లు ఎదురుచూసి 1995 ఆగస్టు 17న ఇక ఆడనని ప్రకటించాడు.

ఇంకో సంగతి గమనించండి. 1988 యూరో ఫైనల్లో బంతి నేల తాకకముందే గాల్లో కొట్టిన ఆ వాలీ గోల్ కూడా మ్యూనిక్ ఒలింపిక్ స్టేడియంలోనే. అయిదేళ్ల తేడాలో ఒకే గడ్డి మీద ఆ గోలూ, ఈ ఆఖరి నిమిషమూ. బోలీ దెబ్బ చివరి గడ్డిపరక మాత్రమే. అప్పటికే మోపు నిండిపోయింది.

కాకినాడ ఫిజియో:

పైన రాసిన వరస సరిగ్గా ఉంది. దాన్ని కాలి భాషలో చెప్తాను.

చీలమండ అంటే మూడు ఎముకల కీలు. పైనుంచి పిక్క ఎముకలు రెండూ వచ్చి రెండు వైపులా గూడులా పట్టుకుంటాయి. ఆ గూట్లో టాలస్ అనే ఎముక ఇరుక్కుని ముందుకీ వెనక్కీ ఆడుతుంది. బయటవైపు మూడు లిగమెంట్లు దాన్ని కట్టి ఉంచుతాయి. కాలు లోపలికి మడత పడినప్పుడు ముందుగా తెగేది, వాటిలో ముందువైపున్న సన్నటి లిగమెంటు. మన దగ్గర 'బెణుకు' అనే మాటలో నూటికి తొంభై పాళ్లు ఇదే.

ఎముకల చివర్ల మీద నున్నటి పొర ఉంటుంది. దాన్నే మనవాళ్లు 'గుజ్జు' అంటారు. 'గుజ్జు అరిగిపోయింది' అనేది ఆ పొర గురించే. మోకాల్లో అది మందంగా ఉంటుంది. చీలమండలో మాత్రం ఒకటి, ఒకటిన్నర మిల్లీమీటర్లే, అంటే ఇంచుమించు కొబ్బరి చిప్ప మందం కూడా లేదు. దానికి రక్తనాళాలు ఉండవు. చర్మం తెగితే మూసుకుంటుంది, ఎముక విరిగితే అతుక్కుంటుంది, ఈ పొర చిరిగితే మాత్రం మళ్లీ అలాంటిది పుట్టదు. పుట్టినా గరుకుగా ఉండే నాసిరకం పొర.

ఇప్పుడు రెండూ కలపండి. లిగమెంట్ వదులైతే టాలస్ గూట్లో ఒకటి రెండు మిల్లీమీటర్లు అటూ ఇటూ జారుతుంది. బయటికి ఏమీ కనపడదు. వాపు తగ్గిపోతుంది, నడుస్తాడు, పరుగెడతాడు. కానీ ప్రతి మలుపుకీ, ప్రతి షాట్‌కీ బరువు ఆ పొర మీద పడాల్సిన చోట కాకుండా అంచు మీద పడుతుంది. ఇరుసు వదులైన బండి చక్రం ఒకవైపే అరిగినట్టు. ముక్కలు ఊడి కీల్లో తిరుగుతాయి. ముందువైపు ఎముక ముళ్లలా పెరుగుతుంది, పాదం పైకి వంచితే ఆ ముళ్లు గుచ్చుకుంటాయి. ఇదంతా ఒక్కరోజులో జరగదు, ఏళ్లు పడుతుంది. 1986 నుంచి 1993 దాకా లెక్క వేసుకోండి.

ఆపరేషన్లే చెడగొట్టాయా అంటే, అలా అనడం న్యాయం కాదు. వదులుగా ఉన్న ముక్కలు తీయడం, ముళ్లు చెక్కడం, గరుకైన చోట నునుపు చెయ్యడం, అప్పట్లో చేతిలో ఉన్నవి ఇవే. ఒక్కోసారి చెక్కినకొద్దీ ఉన్న పొర కూడా పలచబడుతుంది, అది నిజమే. కానీ అసలు లోటు చెక్కడం దగ్గర లేదు. లిగమెంటుకీ పొరకీ కోలుకునే టైము మొదట్లో దొరకలేదు. అదీ లోటు.

చివర్లో ఆయన కాలి చుట్టూ ఇలిజరోవ్ చట్రం బిగించారు. ఇది పిల్లలకి బొమ్మ గీసి చూపించండి, మర్చిపోరు. పిక్క చుట్టూ, పాదం చుట్టూ లోహపు కడియాలు. వాటినుంచి సన్నటి తీగలు చర్మం గుండా ఎముకలోంచి అవతలికి వెళ్తాయి. కడియాల మధ్య మరలు తిప్పుతూ కీలుని నెమ్మదిగా ఎడం చేస్తారు. మామూలుగా ఈ పద్ధతిలో అయిదు మిల్లీమీటర్ల ఎడం, మూడు నెలలు. ఎముకలు ఒకదానికొకటి రాసుకోకుండా ఉంటే కొత్త పొర కాస్తయినా పడుతుందేమోనన్న ఆశ. తీగలు దిగిన చోట్ల రోజూ శుభ్రం చెయ్యాలి, లేదంటే చీము పడుతుంది. ఆయన విషయంలో అది ఫలించలేదు. నొప్పి ఎంతగా ఉండేదంటే, రాత్రిపూట బాత్రూముకి పాక్కుంటూ వెళ్లానని ఆయనే తర్వాత చెప్పుకున్నాడు. చివరికి కీలుని స్క్రూలతో శాశ్వతంగా అతికించేశారు. అతికిస్తే పాదం పైకీ కిందకీ ఆడదు. ఫుట్‌బాల్ ఉండదు, నొప్పి మాత్రం పోతుంది.

ఇప్పటి వైద్యం ఉంటే ఆడేవాడా అన్న ప్రశ్నకి నా జవాబు: 1993లో దొరికితే ఇప్పటి వైద్యం కూడా కాపాడేది కాదు. 1986 డిసెంబరులో దొరికి ఉంటే, ఎమ్మారై తీసి, లిగమెంట్ సంగతి చూసి, మూడు నాలుగు నెలలు నిజంగా ఆపి ఉంటే, అవకాశం బాగానే ఉండేది.

రాజోలు గోలీ:

ఫిజియోగారూ, మరి బ్రెజిల్ రొనాల్డో మోకాలు రెండుసార్లు పోయినా తిరిగొచ్చి 2002లో 8 గోల్స్ కొట్టి వరల్డ్ కప్ తెచ్చాడు కదండీ. 2000 ఏప్రిల్లో ఇటలీ క్లబ్బు లాజియో మీద దిగిన కాసేపటికే, ఎవరూ ముట్టుకోకుండానే కూలిపోయాడు. అంతకంటే ఘోరమైన గాయం చూడలేదు. ఆయన రాగలిగినప్పుడు వాన్ బాస్టెన్ ఎందుకు రాలేకపోయాడని పిల్లలు అడుగుతారు.

కాకినాడ ఫిజియో:

తప్పకుండా అడుగుతారు, మంచి ప్రశ్న. రొనాల్డోది స్నాయువు తెగడం, మోకాలిచిప్పని పట్టి ఉంచే తాడు లాంటిది. చూడ్డానికి భయంకరం, కానీ తాడు తెగితే కుట్టొచ్చు, శరీరంలో ఇంకోచోటి తాడు తెచ్చి వేయొచ్చు. రక్తం అందుతుంది కాబట్టి ఏడాది, ఏడాదిన్నరలో పట్టుకుంటుంది. రొనాల్డోకి కూడా ఒక పెద్ద పాఠం ఉంది: 1999 నవంబరులో లెచ్చే మీద మొదటిసారి దెబ్బతింటే అయిదు నెలలకే దిగాడు, రెండోసారి పూర్తిగా తెగింది. ఆ తర్వాత ఏడాది పైనే ఆగాడు, అప్పుడు నిలిచింది.

వాన్ బాస్టెన్‌ది తాడు కాదు, కీలు లోపలి పొర. దానికి కుట్టు లేదు. కూలిపోయే క్షణం ఉండదు, కెమెరాకి దొరకదు. అందుకే జనానికి బోలీ టాకిల్ ఒక్కటే గుర్తుంది.

పాలకొల్లు వింగర్:

గాయం గురించే మాట్లాడుకుంటున్నాం, ఆట గురించి కూడా రాయాలి. గంటన్నరలో ఏం చూపించాలో నా వరకూ చెప్తాను.

1988 యూరో మొత్తం కావాలి. హాలండ్ మొదటి మ్యాచ్ సోవియట్ యూనియన్‌తో, 0-1 ఓటమి. వాన్ బాస్టెన్ బెంచీ మీదనుంచి మొదలుపెట్టాడు. చొక్కా నంబరు కూడా 12, మొదటి పదకొండులో లేనివాడి నంబరు. జూన్ 15న డ్యుసెల్డార్ఫ్‌లో ఇంగ్లాండ్ మీద మూడు గోల్స్. మొదటి గోల్లో బంతిని ఆపి, టోనీ ఆడమ్స్‌ని తిప్పి పక్కకి తప్పుకోవడం నెమ్మదిగా తిప్పి చూపించండి. జూన్ 21న హాంబర్గ్‌లో పశ్చిమ జర్మనీ మీద 88వ నిమిషం, జారుతూ కొట్టిన గెలుపు గోల్. ఆ నాలుగు రోజులకి ఫైనల్.

ఫైనల్లో 54వ నిమిషం. ఎడమవైపునుంచి ఆర్నాల్డ్ మ్యూరెన్, వయసు 37, ఎడమకాలితో బాగా ఎత్తుగా వేశాడు. నిజం చెప్పాలంటే అది మంచి క్రాస్ కాదు, మరీ లోతుగా వెళ్లిపోయింది. వాన్ బాస్టెన్ పెనాల్టీ బాక్సు కుడి అంచుకి దగ్గరగా ఉన్నాడు. అక్కణ్ణించి గోల్ కనిపించేది ఒక పలక అంతే. ఎవడైనా బంతిని ఛాతీ మీద ఆపుతాడు, లేకపోతే వెనక్కి వేస్తాడు. ఆయన బంతి పూర్తిగా దిగేదాకా ఆగి, కుడికాలి పైభాగంతో గాల్లోనే కొట్టాడు. బంతి సోవియట్ గోలీ దసాయెవ్ నెత్తిమీంచి వెళ్లి అవతలి పోస్టు వైపు పైమూలలో దిగింది. దసాయెవ్ అప్పట్లో ప్రపంచంలో మొదటి వరస గోలీ. కోచ్ రైనస్ మిచెల్స్ మొహం చేతుల్లో పెట్టుకోవడం కూడా ఆ దృశ్యంలో ఉంటుంది, కత్తిరించకండి.

పిల్లలు వెంటనే అది చెయ్యాలంటారు. నేర్పే వరస ఇది. బంతిలో గాలి కాస్త తగ్గించండి, నియమాల్లో కింది హద్దు 0.6 అట్మాస్ఫియర్, అక్కడుంచితే పాదానికి దెబ్బ తక్కువ. మొదట సొంత చేతుల్లోంచి వదిలి ఇరవై సార్లు. చీలమండ బిగించి, వేళ్లు కిందికి చూడాలి, లేసులున్న చోట తగలాలి. తర్వాత ఎనిమిది పది మీటర్లనుంచి తోటివాడు కింద చేత్తో వేస్తాడు, బంతి మోకాలి ఎత్తుకి దిగేదాకా ఆగడమే పాఠం. ఆ తర్వాతే దూరంనుంచి క్రాస్. తప్పులు రెండే. తొందరపడి నడుము ఎత్తులో కొడితే బంతి కొబ్బరిచెట్ల మీదికి పోతుంది. ఒళ్లు వెనక్కి వాల్చినా అంతే. ఎడమ భుజం గోల్ వైపు తిరిగి ఉండాలి, కొట్టాక కాలు ఒంటికి అడ్డంగా దాటాలి.

ఇంకా చూపించాల్సినవి: 1986 నవంబరులో డెన్ బోష్ మీద సిజర్ కిక్ (గాల్లో వెనక్కి వాలి తలమీంచి కొట్టే షాట్). గ్రోనింగెన్ గాయానికి సరిగ్గా నెల ముందుది. 1989లో రియల్ మాడ్రిడ్ సెమీఫైనల్ మొదటి లెగ్‌లో గాల్లో ఈదినట్టు దూకి కొట్టిన తల గోల్. గోథెన్‌బర్గ్ నాలుగు గోల్స్‌లోనూ ఒక సిజర్ కిక్ ఉంది, ఆరేళ్ల ముందుదీ ఇదీ పక్కపక్కన పెట్టి చూపిస్తే బావుంటుంది. గెలిచినవే కాకుండా 1992 యూరో సెమీఫైనల్ షూటౌట్ కూడా పెట్టండి. డెన్మార్క్ గోలీ ష్మైఖేల్ ఆయన పెనాల్టీని ఆపేశాడు, హాలండ్ ఇంటికెళ్లింది. ఆరడుగుల రెండంగుళాల మనిషి అంత తేలిగ్గా తిరగడం పిల్లలు చూడాలి.

కాకినాడ ఫిజియో:

వింగర్‌గారి వాలీ వరసకి ఒక్క హెచ్చరిక. వేళ్లు కిందికి దించి చీలమండ బిగించి ఉంచడమంటే, బెణికిన లిగమెంట్‌ని సరిగ్గా సాగదీసే భంగిమ. గాయంనుంచి తిరిగొచ్చే పిల్లాడికి పరుగు ముందు, మలుపు తర్వాత, పాస్ తర్వాత. వాలీ అన్నిటికంటే ఆఖరు.

తణుకు రిఫరీ:

బోలీ టాకిల్ సంగతి వచ్చింది కాబట్టి నియమం కూడా చెప్తాను. ఆ రోజుల్లో వెనకనుంచి కాళ్ల మీద పడితే ఎక్కువసార్లు ఒక మాటతోనో, పసుపు కార్డుతోనో పోయేది. 1994 అమెరికా వరల్డ్ కప్‌కి ముందు ఫిఫా రిఫరీలకి గట్టిగా చెప్పింది, వెనకనుంచి టాకిల్ చేస్తే ఎర్రకార్డు అని. 1998లో అది నియమాల్లోకే ఎక్కింది: వెనకనుంచి వచ్చి ఎదుటివాడి భద్రతకి ముప్పు తెచ్చే టాకిల్ తీవ్రమైన ఫౌల్. వాన్ బాస్టెన్ ఒక్కడి వల్లే మారిందనడం సరికాదు, కానీ ఆ తరం ఫార్వర్డ్‌ల చీలమండలన్నీ ఆ మార్పు వెనక ఉన్నాయి.

మన గ్రామాల టోర్నీల్లో ఇప్పటికీ 'బంతి తగిలింది కదండీ' అని వాదిస్తారు. బంతి తగిలిందా లేదా అన్నది రెండో సంగతి. కాలు ఎంత వేగంతో వచ్చింది, స్టడ్స్ (బూటు కింది ముళ్లు) ఎటు చూస్తున్నాయి, పాదం నేలమీంచి ఎంత లేచింది, చూడాల్సినవి అవి. పిల్లల మ్యాచ్‌ల్లో మొదటి పది నిమిషాల్లోనే ఒక కార్డు తీస్తే మిగతా ఆటంతా కాళ్లు బతుకుతాయి.

మండపేట కోచ్:

నూనె రుద్దుడు గురించి అడిగారు. దాని మీద నాకు బాగా కోపం ఉంది, కాబట్టి పొడుగ్గా రాస్తున్నాను.

బెణికిన మొదటి 48 గంటలు లోపల సన్నటి రక్తనాళాలు తెగి కారుతూ ఉంటాయి. వేడి పెట్టినా, గట్టిగా రుద్దినా కారడం పెరుగుతుంది, వాపు రెట్టింపవుతుంది. చింతపండు, ఉప్పు ఉడికించి వేడివేడిగా పట్టు వేసినా అంతే. పట్టు వేస్తే తగ్గిందనిపించేది పట్టు వల్ల కాదు, కదల్చకుండా ఉంచడం వల్ల.

చెయ్యాల్సింది: వెంటనే ఆపించి బూటు తీయించండి. మన దగ్గర ఐసుకి కరువు లేదు, చేపల పెట్టెల్లో వేసే ఐసు ఎక్కడైనా దొరుకుతుంది. నలగ్గొట్టి ప్లాస్టిక్ కవర్లో వేసి, తడిగుడ్డ చుట్టి, పదిహేను నిమిషాలు. ఐసు నేరుగా చర్మానికి తగిలితే కాలుతుంది. రెండు గంటలకోసారి, మొదటి రెండు రోజులూ. పది సెంటీమీటర్ల క్రేప్ బ్యాండేజీ వేళ్ల మొదలునుంచి పిక్క దాకా, కిందనుంచి పైకి చుట్టాలి. పైన వదులు, కింద బిగువు. తిరగేస్తే పాదం ఉబ్బిపోతుంది. పడుకున్నప్పుడు రెండు దిళ్లు వేసి కాలు గుండె కంటే ఎత్తులో ఉంచాలి.

ఎక్స్‌రే ఎప్పుడంటే: అక్కడికక్కడే గానీ తర్వాత గానీ నాలుగడుగులు వెయ్యలేకపోతే. లేదా చీలమండ రెండువైపులా ఉబ్బెత్తుగా ఉండే ఎముకల వెనక అంచు మీద, చివరి ఆరు సెంటీమీటర్లలో వేలితో నొక్కితే ప్రాణం పోయినంత నొప్పి ఉంటే. పాదం బయట అంచు మధ్యలో చిటికెన వేలి ఎముక మొదలు తగులుతుంది, అక్కడ నొక్కితే నొప్పెట్టినా తీయించాలి. మిగతా సందర్భాల్లో విరిగే అవకాశం చాలా తక్కువ.

తిరిగి ఎప్పుడు దిగాలన్నదే అసలు గొడవ. చిన్న బెణుక్కి ఒకటి రెండు వారాలు, లిగమెంట్ కొంత చిరిగితే మూడునుంచి ఆరు, పూర్తిగా తెగితే మూడు నెలల దాకా. కానీ క్యాలెండరు చూసి దింపకండి. ఇలా చూడండి: బెణికిన కాలు ఒక్కదాని మీద కళ్లు మూసుకుని ముప్పై సెకన్లు నిలబడాలి. ఆ ఒక్క కాలితోనే మడమ ఎత్తుతూ ఇరవై. ఒంటికాలి మీద ముందుకి గెంతితే మంచి కాలి దూరంలో నూటికి తొంభై రావాలి. ఆఖర్న ఎనిమిది అంకె ఆకారంలో పూర్తి వేగంతో పరుగు. దీంట్లో ఏ ఒక్కటి తప్పినా ఆ వారం బెంచీయే. నొప్పి లేదనడం పరీక్ష కాదు. నొప్పి పోయిన రెండు మూడు వారాలకి గానీ కాలికి 'నేనెక్కడున్నాను' అన్న తెలివి తిరిగి రాదు. రెండోసారి బెణికేది ఆ మధ్యలోనే.

ఆ తెలివి తెప్పించడానికి రోజూ ఒంటికాలి నిలుపు ముప్పై సెకన్లు మూడుసార్లు, తర్వాత తలగడ మీద, తర్వాత బంతి విసిరి పట్టుకుంటూ. కనీసం ఆరు వారాలు. అంతర్వేది, ఓడలరేవు వైపు పిల్లలైతే సముద్రం ఒడ్డున తడి ఇసుకలో మెల్లగా పరుగు చాలా మంచిది. పొడి ఇసుకలో వద్దు, అక్కడ మడమ దిగబడి మళ్లీ తిరుగుతుంది.

గ్రౌండు సంగతి కూడా. దాళ్వా (రెండో పంట) కోతలయ్యాక పొలాల్లో ఆడతారు. మన నల్లరేగడి ఏప్రిల్, మే నెలల్లో నెర్రెలిస్తుంది. అంగుళం నెర్రె చాలు మడమ దిగబడడానికి. వరి దుబ్బులు చెక్కించి, నెర్రెల్లో ఇసుక నింపి, ముందురోజు సాయంత్రం నీళ్లు పెట్టి, తెల్లారి రోలరు తిప్పాలి. ఇలాంటి గట్టి నేలమీద పొడుగు స్టడ్స్ వేస్తే పాదం నేలకి అతుక్కుపోయి ఒళ్లు మాత్రం తిరుగుతుంది. మోకాలైనా పోతుంది, చీలమండైనా పోతుంది. పొట్టి రబ్బరు బుడిపెలున్న బూట్లు వేయించండి. వానాకాలం తిరగబడుతుంది, పొడుగు స్టడ్స్ కావాలి, జిగటమన్ను పేరుకుంటే అరగంటకోసారి పుల్లతో గీకించాలి. ఆ మన్నుతో బూటు అరకేజీ బరువెక్కి కాలు ఆలస్యంగా లేస్తుంది.

వారానికి రెండు రోజులైనా ఫిఫా 11+ వార్మప్ చేయించండి. ఇరవై నిమిషాలు, పదిహేను వ్యాయామాలు, ఖర్చు పైసా లేదు.

యానాం మిడ్‌ఫీల్డర్:

వాన్ బాస్టెన్‌తో పాటు మనవాడి ఫొటో ఒకటి తెర మీద పెట్టండి. తులసీదాస్ బలరామ్, సికింద్రాబాద్ దగ్గర అమ్ముగూడలో పుట్టినవాడు. 1956, 1960 ఒలింపిక్స్ ఆడాడు. రోమ్‌లో హంగరీ మీద ఒకటి, పెరూ మీద ఒకటి గోల్ కొట్టాడు. 1962 జకార్తా ఆసియా క్రీడల బంగారు పతకం జట్టులో ఉన్నాడు. చునీ గోస్వామి, పీకే బెనర్జీ, బలరామ్ అని ముగ్గుర్నీ కలిపి చెప్పేవారు. ఈయన్ని ఆపింది గాయం కాదు, ప్లూరసీ. ఊపిరితిత్తుల పొరకి వచ్చే జబ్బు. 1963లో ఆట ఆగిపోయేటప్పటికి ముప్పై కూడా లేవు. 2023లో కన్నుమూశాడు. తెలుగునేల మీద పుట్టిన ఫుట్‌బాలర్ల గురించి మన పిల్లలకి అసలు ఎవరూ చెప్పడం లేదు.

అమలాపురం సెంటర్ ఫార్వర్డ్:

అందరికీ దణ్ణాలండీ, ఇంత వస్తుందనుకోలేదు. వరస ఇలా అనుకుంటున్నాం: మొదట బలరామ్‌గారి ఫొటో, తర్వాత డెన్ బోష్ గోల్, గ్రోనింగెన్ తేదీ బోర్డు మీద, ఆ తర్వాత యూరో. మధ్యలో ఆపి ఒక పిల్లాణ్ణి కళ్లు మూసుకుని ఒంటికాలి మీద నిలబెడతాం. ఒకే ఒక్క అనుమానం మిగిలింది. కాలికి టేపు వేసి ఆడించొచ్చా? ఆఖర్న దేంతో ముగించాలో కూడా చెప్పండి.

మండపేట కోచ్:

టేపు కోలుకున్న కాలికి, కోలుకోని కాలికి కాదు. 38 మిల్లీమీటర్ల సాగని జింక్ ఆక్సైడ్ టేపు తీసుకోండి. చర్మం కడిగి ఆరబెట్టాలి, మన చెమటకి తడి మీద వేస్తే పది నిమిషాల్లో జారిపోతుంది. పాదం తొంభై డిగ్రీల్లో ఉంచి, చీలమండకి ఓ పన్నెండు సెంటీమీటర్లు పైన రెండు చుట్లు. అక్కణ్ణించి లోపలివైపునుంచి మడమ కిందుగా బయటివైపుకి లాగుతూ మూడు పట్టీలు, ఒకదాని మీద ఒకటి సగం ఎక్కేలా. తర్వాత మడమ చుట్టూ ఎనిమిది ఆకారంలో ఒకటి. అయ్యాక బొటనవేలి గోరు నొక్కి వదలండి, రెండు సెకన్లలో ఎర్రదనం తిరిగి రావాలి, రాకపోతే బిగువెక్కువ. ఎంత బాగా వేసినా ఇరవై ముప్పై నిమిషాల ఆటకి టేపు సగం వదులవుతుంది, హాఫ్ టైమ్‌లో మళ్లీ వేయాలి. నెలల తరబడి అవసరమైతే లేసులున్న యాంకిల్ బ్రేస్ కొనడం నయం. ఇంకోటి, అక్టోబరు ఆఖరు ముసురు రోజులు. తెర బయట కట్టకండి.

భీమవరం ఎడమకాలు:

ఆఖర్న 1995 ఆగస్టు 18 పెట్టండి. ఇక ఆడనని చెప్పిన మర్నాడు, సాన్ సీరోలో యువెంటస్‌తో మ్యాచ్‌కి ముందు. ఒంటి మీద మిలాన్ చొక్కా కూడా లేదు. గులాబీ రంగు చొక్కా, పైన తోలు జాకెట్టు, జీన్స్. చేతులు పైకెత్తి చప్పట్లు కొడుతూ మెల్లగా పరుగెడుతూ స్టేడియం చుట్టూ తిరుగుతాడు. జనం లేచి నిలబడతారు. బెంచీ మీద కోచ్ కపెల్లో ఏడుస్తూ కనిపిస్తాడు. వ్యాఖ్యానం గొంతు తీసేసి, స్టేడియం హోరు మాత్రం ఉంచండి. పిల్లల్ని ఆయన పాదాలు చూడమనండి. అడుగు ఎలా వేస్తున్నాడో ఫిజియోగారు రాసింది చదివాక వాళ్లకే తెలుస్తుంది.